బావా, నేనూ, సముద్రపు పోటూ

మా బావ ఫోన్ చేసి, "ఒరేయ్, సముద్రం ఒడ్డున గుడారమేసుకుని రెండ్రోజులుందాం, గాలాలు తీసుకుని రా" అన్నప్పుడు నేను గురజాలలో నా షాపులో బోరు మోటారు విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "నీకేమన్నా మతి పోయిందా బావా?" అన్నాను. అనక ఏం చెయ్యను? ఈపూరు దగ్గర ఆయన మిరపతోటలో రెండో కోత అయి, కాయ కల్లంలో ఆరుతోంది. కల్లం మీద కాయ ఉండగా మా బావ పక్కూరి పెళ్ళికి కూడా కదలడు. అలాంటి మనిషి సముద్రమంటున్నాడు.

"మతి బాగానే ఉంది గాని, వస్తన్నావా లేదా?"

"కృష్ణ ఒడ్డుకి పోదాం పట్టు. అంత దూరమెందుకు?"

"కృష్ణ కాడికి నేను రాలేను రా" అన్నాడు. ఆ తర్వాత నేనేం వాదించలేదు.

బావంటే మా అక్క మొగుడు. అక్క పోయి రెండేళ్ళయింది. అక్క ఉన్నప్పుడు ప్రతి వేసవిలో, మిరప పని తెమిలాక, మేం ముగ్గురం కృష్ణ ఒడ్డుకి వెళ్ళి రెండ్రోజులు ఉండేవాళ్ళం. పాత టార్పాలిన్ కట్టుకుని, రాళ్ళ పొయ్యి పెట్టుకుని, గాలాలేసుకుని. నాకు గాలమెయ్యడం నేర్పింది అక్కే. పెళ్ళయిన కొత్తల్లో బావకి నేర్పిందీ అక్కే. జొన్నపిండిలో వేరుశనగ చెక్క పొడి కలిపి ఎర ముద్ద చెయ్యడం ఆమెకి తెలిసినట్టు మా ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు. చేప పడితే అక్కకి పడేది. పడకపోతే మా ఇద్దరికీ తిట్లు పడేవి, నీళ్ళ దగ్గర వాగుతున్నామని.

అక్క పోయాక బావ మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. ఇదివరకు మా గడప తొక్కితే సరాసరి వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద మూతలు తీసి చూసేవాడు. "ఏందమ్మా, ఇయ్యాల కూడా దొండకాయేనా?" అని మా ఆవిణ్ణి ఏడిపించేవాడు. ఈ మూడుసార్లూ ముందు గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "మరి వెళ్ళొస్తా" అని లేచాడు. మూడోసారి అలా లేచినప్పుడు నాకు భయమేసింది. మా ఇద్దరికీ రక్త సంబంధం లేదు. మధ్యలో ఉన్న అక్క వెళ్ళిపోయింది. ఇప్పుడీయన నాకు ఏమవుతాడు? ముప్ఫై ఏళ్ళు బావా బావా అని వెంటపడి తిరిగిన మనిషి, నెమ్మదిగా ఊళ్ళో తెలిసినాయన అయిపోతాడా? ఆ భయం ఎవరికీ చెప్పలేక కోపం తెచ్చుకున్నాను. నాకు అన్నింటికీ కోపమే వస్తుంది, భయమేసినా సరే. ఆయన ఫోన్ చెయ్యట్లేదు గనక నేనూ చెయ్యలేదు.

ప్రయాణం సంగతి చెబితే మా ఆవిడ వెంటనే పోల్చేసింది.

"అన్నయ్యకి ఏదో సంబంధం చూస్తన్నారంట. పెదకూరపాడామెనంట. నీతో చెప్పడానికే పిలుస్తన్నాడు."

"చెప్పమను. నేనూ చెప్తా."

"ఏం చెప్తావ్?"

ఏం చెబుతానో నాకే తెలియదు. మోటారు వైరులాగా చుట్టలు చుట్టుకుపోయి ఉంది లోపల. "నువ్వు మాత్రం నోరు జారమాక. మాట జారితే ఆయన మళ్ళీ మన గడప తొక్కడు" అంది. అందుకు కూడా ఆమె మీదే అరిచాను.

పిడుగురాళ్ళ మీదుగా సున్నపురాయి లారీల వెనకే బస్సు నడుస్తూ నరసరావుపేట చేరేసరికి పదకొండయింది. బస్టాండు బయట బావ తన పాత కారుతో నిలబడున్నాడు. చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. ఆ మాట అనబోయి, "ఏంది బావా, ఇల్లు ఖాళీ చేసి వస్తన్నావా?" అన్నాను. కారు వెనకంతా సామాను. గుడారం, గ్యాసు పొయ్యి, బియ్యం, రెండు బకెట్లు, పార. పార ఎందుకని అడిగితే, "రైతుని రా, పార లేకుండా ఎక్కడికొస్తాను?" అన్నాడు. వెనక సీట్లో ఒక చేతిసంచి విడిగా పెట్టుంది. నా సంచి పెడదామని దాన్ని జరపబోతే, "దాన్ని ముట్టుకోమాక" అన్నాడు. గట్టిగానే అన్నాడు. నేను మొహం మాడ్చుకుని చిలకలూరిపేట దాకా మాట్లాడలేదు.

బాపట్ల దాటి సరుగుడు తోటల్లోకి వచ్చాక ఉప్పు వాసన తగిలింది. సర్కారు వాళ్ళు అక్కడ సముద్రపు ఒడ్డున పార్కు కట్టారు. తోటలో గుడారాలేసుకునే చోటుంది, నీళ్ళ కుళాయిలున్నాయి, ఉప్పుటేరు దాకా నడిచి వెళ్ళడానికి ఒడ్డు వెంట బాట ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి చీటీ చింపి ఇచ్చి, "గుడారం చెట్ల కిందే వేసుకోండి సార్, ఇసకలో వద్దు" అని చక్కగా చెప్పాడు. మేం తలలూపాం.

"చెట్ల కింద పడుకోడానికైతే మా తోట లేదా?" అన్నాడు బావ, ఆయన కనుమరుగు కాగానే. "కృష్ణ కాడ నీళ్ళకి పది అడుగుల్లో వేసేవాళ్ళం. గుడారంలో కూర్చుని గాలం లాగొచ్చు."

మధ్యాహ్నం మూడవుతోంది. సముద్రం వెనక్కి జరిగి ఎంతో దూరాన ఉంది. తడి ఇసక దాటి పొడి ఇసక మొదలైన చోట గుడారం వేశాం. తప్పంతా బావ మీద తొయ్యడం న్యాయం కాదు. మేకులు కొట్టింది నేనే. పుట్టి బుద్ధెరిగాక మేం చూసిన నీళ్ళు కాలువ నీళ్ళూ, కృష్ణ నీళ్ళూ. గేటెత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. ఎవరూ వదలకుండానే తమంతట తాము లేచి నడిచి వచ్చే నీళ్ళు మాకు తెలియవు.

తర్వాత బావ పార తీశాడు. గుడారం చుట్టూ చిన్న బోదె తవ్వి, ఆ ఇసకతో గట్టు వేశాడు. వాన నీళ్ళు రాకుండా మిరప కల్లం చుట్టూ వేసినట్టే, మూలలు తీర్చి, పారతో చరిచి, చక్కగా. నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చి గట్టు తడిపాను. అప్పుడే ఒడ్డు వెంట చేపల తట్ట పట్టుకుని వస్తున్న పల్లెకారుల ఆమె మమ్మల్ని చూసి ఆగింది. అరవై ఏళ్ళుంటాయి.

"ఏందయ్యా, మడి కడతన్నారా?"

"గట్టమ్మా" అన్నాడు బావ.

"మరి నాట్లెప్పుడు?" అని నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "పున్నమి దగ్గరికొచ్చింది. పోటు పెద్దదిగా ఉంటది. తోటలోకి జరగండి."

"గట్టేశాం గదా" అన్నాడు బావ. ఆమె ఇంకోసారి నవ్వి వెళ్ళిపోయింది.

గాలాల సంగతి ఇంకా అన్యాయం. మా వెదురు గెడలు, మా బెండ్లు, మా జొన్నపిండి ముద్ద. కాలువలో బెండు మునిగిందంటే చేప పడ్డట్టు. ఇక్కడ అల వచ్చిన ప్రతిసారీ మునుగుతోంది. మునిగినప్పుడల్లా బావ "పడిందిరా!" అని లాగడం, ఖాళీ గాలం వచ్చి ఆయన మెడకే చుట్టుకోవడం. పిండి ముద్ద ఉప్పునీళ్ళలో పడీ పడకముందే కరిగిపోతోంది. చాన్నాళ్ళ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను. బావ కూడా నవ్వాడు, కాని నా కంటే ముందే ఆపేశాడు.

పొద్దు వాలే వేళకి ఆ పల్లెకారామె మళ్ళీ అదే దారిన తిరిగొచ్చింది. మా ముద్ద వాసన చూసి, "ఇది చేపలకెందుకు, రొట్టె కాల్చుకుని మీరే తినండి" అంది. తట్టలోంచి గుప్పెడు చిన్న రొయ్యలు తీసి ఇచ్చింది. బెండు పీకేసి చివర సీసపు గుండు కట్టమంది. నా పనిముట్ల పెట్టెలో సీసం ముక్క ఉంటే కట్టాను. నాలుగోసారి విసిరేసరికి బావ గాలానికి జానెడు జెల్ల పడింది.

ఆయన దాన్ని ఒడ్డుకి లాగి, దారంతో సహా పైకెత్తి, మొహం వెలిగిపోతూ వెనక్కి తిరిగాడు. మేం గాలాలేసేటప్పుడు అక్క ఎప్పుడూ మా వెనక, కొంచెం ఎడంగా, పీట మీద కూర్చునేది. పడ్డ చేపని ముందు ఆమెకి చూపించడం అలవాటు. వెనక ఖాళీ ఇసక ఉంది. బావ చెయ్యి అలాగే పైకెత్తి ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు, నేనక్కడే ఆయన పక్కనే ఉన్నా. "చూశాను బావా, పెద్దదే" అన్నాను.

చేప పులుసు బావే పెట్టాడు, తన తోట కారంతో. తింటున్నంతసేపూ "ఒరేయ్" అంటాడు. "ఏంది?" అంటాను. "ఏం లేదు, ఉప్పు సరిపోయిందా?" అంటాడు. మళ్ళీ "ఒరేయ్". మళ్ళీ "ఏం లేదు". నేనేమన్నా తక్కువ తిన్నానా? అడగబోతున్నాడని తెలిసి, అడగనివ్వకుండా, కాలిపోయిన మోటార్ల గురించీ, కరెంటు వోల్టేజీ గురించీ అడ్డంగా మొదలుపెట్టేవాణ్ణి. ఆయన పాపం ఓపిగ్గా వినేవాడు. అలాగే ఇద్దరం నిద్రపోయాం.

పొద్దున లేచి చూస్తే నీళ్ళు రాత్రి గట్టు దాకా వచ్చి వెళ్ళిన గుర్తు ఉంది. నురుగు గీత, రెండు గవ్వలు. గట్టు ఒక మూల మాత్రం కొంచెం కరిగింది. బావ ఛాతీ విరుచుకుని, "చూశావా? గట్టంటే అట్టా ఉండాల" అన్నాడు.

"మళ్ళీ రావు గదా?"

"ఎట్టా వస్తయ్ రా? రాత్రి వచ్చి పోయినయ్. వంతు అయిపోయింది."

నాకూ అది సబబుగానే తోచింది. మా కాలువ కింద ఏ తూముకైనా ఒక వంతు నీళ్ళు వదిలారంటే మళ్ళీ ఎనిమిది రోజులకో పది రోజులకో. ఒక రాత్రిలో వచ్చి వెళ్ళి, పొద్దున్నే మళ్ళీ వచ్చే నీళ్ళు కాలువ గేట్లు తిప్పే ఏ లస్కరు వదులుతాడు? సామానంతా గుడారంలోనే వదిలేసి, జిప్పు లాగి, ఉప్పుటేరు చూద్దామని నడక మొదలుపెట్టాం.

ఒక పక్క సరుగుడు తోట, ఒక పక్క సముద్రం. ఎర్ర పీతలు మా అడుగు చప్పుడుకి బొరియల్లోకి పారిపోతున్నాయి. బావకి మోకాలు నొప్పి, అయినా ఆగనివ్వడు. ఉప్పుటేరు దగ్గర మడ చెట్లు వేళ్ళు బయటేసుకుని బురదలో నిలబడున్నాయి. అక్కడ కూలిన మొద్దు మీద కూర్చుని నీళ్ళు తాగాం.

"కల్లంలో తాలుకాయ మీ అక్క ఏరేది" అన్నాడు ఉన్నట్టుండి. తాలుకాయంటే రంగు పోయిన మిరపకాయ, మంచి కాయలోంచి వేరు చెయ్యాలి. "ఇప్పుడు కూలోళ్ళు ఏరుతున్నారు. బాగానే ఏరుతున్నారు. కాని సాయంత్రం ఇంటికెళ్ళాక, ఇయ్యాల ఎంత కాయ ఎండిందని అడిగేవాళ్ళు లేరు రా. ఎవరూ అడక్కపోతే, ఎండినా ఎండకపోయినా ఒకటే అనిపిస్తంది."

నేను అక్కడే మాట్లాడాల్సింది. ఆయన మొహం నా వైపే తిప్పుకుని ఉన్నాడు. అడగడానికి అంతకంటే మంచి దారి ఎవరూ వెయ్యలేరు. నేను లేచి, "పద బావా, ఎండెక్కుతోంది" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తిరిగొచ్చేసరికి తొమ్మిది దాటింది. దూరం నుంచే కనిపించింది, మేం గుడారం వేసిన చోట సముద్రం ఉందని. గట్టు లేదు. బోదె లేదు. గుడారం ఒక పక్కకి పడిపోయి, అల వచ్చినప్పుడల్లా ఊపిరి పీల్చినట్టు ఉబ్బి మళ్ళీ చప్పబడుతోంది. బకెట్టు ఒకటి తోట వైపుకి, ఇంకొకటి శ్రీలంక వైపుకి బయల్దేరాయి. బావ "సంచిరా! నా సంచి!" అని అరుస్తూ మోకాలు సంగతి మర్చిపోయి పరిగెత్తాడు. రెండడుగులు వేసి ఇసకలో కూలబడ్డాడు. నేను నడుముల్లోతు నీళ్ళలోకి వెళ్ళి, జిప్పు చించి, చేతికి దొరికినవి దొరికినట్టు ఒడ్డుకి విసిరాను. పొయ్యి దొరికింది. బియ్యం సంచి చిరిగి ఖాళీగా వచ్చింది. చివర ఆ చేతిసంచి దొరికింది, నీళ్ళు కారుతూ.

ఒడ్డుకొచ్చి, ఆరబెడదామని దాన్ని బోర్లించాను. ఆయన కూర్చున్న చోటు నుంచే "ఒరేయ్ వద్దురా" అంటున్నాడు. అందులోంచి కనకాంబరం రంగు పట్టుచీర పడింది, ఇంకా షాపు మడత విప్పనిది. రవికె గుడ్డ. డజను గాజులు. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం, రెండూ తడిసి రంగు చీర అంచుకి అంటుతోంది.

మా వైపు ఒక పద్ధతుంది. భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, వచ్చే ఆమెకి పోయినామె పుట్టిల్లే పుట్టిల్లవుతుంది. ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుని, పసుపు కుంకుమతో చీర పెట్టి, మా ఆడబిడ్డవని పిలవాలి. పోయినామె వాళ్ళకి అక్కయితే ఈమె కూడా అక్కే, వయసులో ఎంత చిన్నదైనా సరే. ఆ చీర పుట్టింటి నుంచి రాకపోతే, ఆమె ఆ ఇంట్లో ఎన్నాళ్ళున్నా పరాయిదే. అమ్మా నాన్నా లేరు గనక మా ఇంట్లో ఆ చీర పెట్టాల్సినవాణ్ణి నేనే.

"ఇదేంది బావా?"

బావ ఇసకలోంచి లేవలేదు. తల వంచుకుని, ఒక పొడుగాటి కూలి లెక్క చెబుతున్నట్టు ఆగి ఆగి చెప్పాడు. ఆమెది పెదకూరపాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళు. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. పిల్లలు లేరు. వినుకొండలో కాపురముంటున్న మా మేనకోడలు, అంటే బావ కూతురే, చూసి మాట్లాడి వచ్చింది. దానికి ఇష్టమే.

"అందరికీ చెప్పావు. నాకు తప్ప."

"నీకు చెప్పాలంటే నోరు రాలేదు రా. నిన్నటి నుంచీ చూస్తన్నావు గదా."

"మరి ఈ చీర?"

"అది నువ్వు పెట్టాల. నువ్వు పెడతావో లేదో నాకు తెలవదు. పెట్టనంటే నిన్ను బలవంతం చేసే మొహం నాకు లేదు. అందుకని నేనే కొనిపెట్టుకున్నా. నువ్వు కాదంటే... మా బామ్మర్ది పంపాడని ఆమెకి చెప్పి ఇద్దామనుకున్నా."

నాకు ఒక్కసారిగా తల తిరిగినంత కోపమొచ్చింది. అలాంటి కోపం నాకు కూడా కొత్తే. తడి చీర చేత్తో పట్టుకుని అరిచాను.

"మా ఇంటి ఆడబిడ్డకి పెట్టే చీర నువ్వు కొంటావా? మేమేమన్నా గతిలేనోళ్ళమా? ఇంకా నేను బతికే ఉన్నా గదా! నా పేరు చెప్పి దొంగచాటుగా పెడతావా? మా అక్కకి తమ్ముడు లేడా?"

అరవడం ఆగాక గాని నేనన్న మాట నాకు వినపడలేదు. మా ఇంటి ఆడబిడ్డ అన్నాను. బావ తలెత్తి చూశాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను ఆయన పక్కన తడి ఇసకలో కూలబడ్డాను.

"అక్క చోటు ఎవరికీ రాదు బావా" అన్నాను.

"రాదురా. ఆ మాట నేను చెప్పేలోపే ఆమే చెప్పింది." చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. "ఆమెకి పుట్టిల్లు లేదు. అన్నదమ్ములు లేరు. నగలడగలా, పొలం సంగతడగలా. ఒకటే అడిగింది. మీ బామ్మర్ది గారింట్లో నన్ను రానిస్తారా అని."

ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా నేను అడగలేక లోపల దాచుకున్న ప్రశ్న కూడా దాదాపు అదే. బావ ఇంకా నా బావేనా, వాళ్ళింట్లోకి నేను ఇదివరకటిలా వెళ్ళొచ్చా అని. ఎక్కడో కుట్టుమిషను ముందు కూర్చున్న ఒకామె, నన్ను ఎప్పుడూ చూడనామె, నా కంటే ధైర్యంగా అడిగేసింది. ఇంత వయసొచ్చి, ఇంత నోరు పెట్టుకుని, నేను మోటార్ల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. సిగ్గేసింది. బావ భుజం మీద చెయ్యి వేశాను. ఎముక తగిలింది.

పల్లెకారామె ఎప్పుడొచ్చిందో, మా పక్కన నిలబడుంది. మా గుడారాన్ని చూసి ఏమన్నా అంటుందనుకున్నాను. మా మొహాలూ చీరా చూసి, "ఉప్పునీళ్ళు పట్టుకి మంచివి కాదు. తొందరగా మంచినీళ్ళలో జాడించండి. పిండమాకండి" అని చెప్పి వెళ్ళింది.

తోటలో కుళాయి దగ్గర మేమిద్దరం చీర జాడించాం. నాకు చీర జాడించడం రాదు, ఆయనకి అసలే రాదు. మూడు సార్లు నీళ్ళు మార్చాం. అంచుకంటిన కుంకుమ కొంచెం అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు చెట్ల మధ్య, నీడలో, చెరొక కొసా పట్టుకుని నిలబడ్డాం. తాడు మీద వేస్తే సరుగుడు పుల్లలు గుచ్చుకుంటాయని బావ భయం. గాలికి చీర ఉబ్బి మమ్మల్ని ఇద్దర్నీ లాగుతోంది. అటుగా వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చూస్తే చూడనీ.

"ఇది నువ్వు ఆమెకి కొన్న చీర. నువ్వే ఇచ్చుకో" అన్నాను చీర ఇవతలి కొస నుంచి. "మా చీర వేరే. రేపు నరసరావుపేటలో దిగి కొందాం. మా ఆవిడ వచ్చి ఎంచుద్ది. నీ ఎంపిక మీద నాకు నమ్మకం లేదు."

"ఏం, ఈ రంగు బాలేదా?"

"మా అక్కకి ఒక్క చీరన్నా బాగున్నది కొన్నావా ఇన్నేళ్ళలో?"

"కొనలా" అని ఒప్పుకున్నాడు. నవ్వాడు. ఈసారి నా కంటే ముందు ఆపలేదు.

చీర సగం ఆరింది. అప్పుడు ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. నడకకి వెంట తీసుకెళ్ళాడు గనక అదొక్కటే తడవలేదు. రెండు చేతులా చీర పట్టుకుని ఉన్నాడు. నేను నా కొస తెచ్చి ఆయన భుజం మీద వేసి, జేబులోంచి ఫోన్ తీశాను. తెర మీద ఒకామె పేరు, పక్కన పెదకూరపాడు అని ఉంది. బావ మొహంలో రంగు పోయింది. "తర్వాత చేద్దాంలే" అన్నాడు. నేను పచ్చ గుర్తు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"చేరారా? నిన్నటి నుంచి ఫోనే లేదు" అంది అవతలి గొంతు. మెత్తగా ఉంది, కొంచెం కంగారుగా.

"నేను, బామ్మర్దిని" అన్నాను.

ఆ వెంటనే, "నమస్కారమండీ అన్నయ్య గారూ. తప్పుగా అనుకోకండి, ఆయనకి ఏదన్నా ఇబ్బందేమోనని..." అంటూ తడబడింది. నా కంటే ఎనిమిదేళ్ళు చిన్నది. అన్నయ్య అనడంలో తప్పేం లేదు. నేను పిలవాల్సిన పిలుపు వేరే ఉంది. అది నా నోట వచ్చి రెండేళ్ళయింది. పలికేవాళ్ళు లేని పిలుపుని ఎవరు మాత్రం పిలుస్తారు? బావ చీరలో మొహం దాచుకున్నట్టు నిలబడి నన్నే చూస్తున్నాడు.

"అక్కా" అన్నాను. "ఆయన బాగానే ఉన్నాడు."

సముద్రం చప్పుడు ఇటు వినపడుతోంది. అటు కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ తర్వాత, ముక్కు ఎగబీల్చి, నెమ్మదిగా అడిగింది.

"అన్నం తిన్నావా తమ్ముడూ?"

"లేదక్కా. బియ్యమంతా సముద్రంలో పోయినయ్."

"అదేంది?"

చెప్పాను. నీళ్ళ ఒడ్డున గుడారం, గట్టు, బోదె, వంతు అయిపోయిందనుకోవడం, అన్నీ చెప్పాను. చీర సంగతి తప్ప. ఆమె మొదట నవ్వింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. నెత్తి మీదికి యాభై ఏళ్ళొచ్చిన మగాళ్ళిద్దరు సముద్రానికి గట్టేస్తారా, పోటొచ్చినప్పుడు లోపల పడుకునుంటే ఏమయ్యేది, ముందు ఎక్కడన్నా కూర్చుని కడుపు నిండా తినండి అని, ఊపిరి తీసుకోకుండా. ఆ తిట్లు మా అక్క తిట్లలా లేవు. మా అక్క ఇంకా గట్టిగా తిట్టేది, నవ్వకుండా తిట్టేది. ఈ తిట్లు కొత్తవి, ఎక్కడ ఆగుతాయో నాకింకా తెలియదు. ఫోన్ చెవికి ఆనించుకుని, మధ్యలో అడ్డు రాకుండా, ఆమె ఆపేదాకా విన్నాను.